పెరటి ఉల్లి, అడవి ఉల్లి: గుర్తెరుగు మార్గము

కిన్నెరసాని గోదావరిలో కలియు బూర్గంపాడు ప్రాంతమున, ఏటి యొడ్డు విడిచి పాల్వంచ దిక్కుగా సాగు అడవిబాటలలో తొలకరి పడిన పిమ్మట నడచువారికి, పొదల నడుమ ఎఱ్ఱనేలలోనుండి పెరటి ఉల్లినారును తలపించు పచ్చని ఆకుల గుంపులు కంటబడుచుండును. వానిలో ఒకదానిని పెకలించినచో అడుగున తెల్లని గడ్డయు, ఆ గడ్డకు పొరమీద పొరయు, క్రింద వేళ్ళ కుచ్చును కనిపించుటచేత, ఇది ఉల్లియే యని నిశ్చయించుకొనుటకు ఆకలిగొన్న బాటసారికి గాని, కుతూహలపడు బాలునకు గాని ఎంతోసేపు పట్టదు. ఆ నిశ్చయము ప్రమాదకరము. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ప్రధానముగా ఒక్కటియే: భద్రాచలము చుట్టుపట్ల అడవులలో తనంతట తాను మొలచు నిజమైన ఉల్లి లేదు, ఇచ్చట ఉల్లియు వెల్లుల్లియు మనుష్యుడు నాటిన తావుననే యుండును, కావున అడవిలో ఉల్లివలె కనిపించు ప్రతి గడ్డయు ఉల్లి కాని వేఱొక మొక్కదని ముందుగా ఎంచి, ఆ పిమ్మటనే పరీక్షకు పూనుకొనవలెను.

ఇట్లు చెప్పుటకు కారణము ఉల్లి యొక్క జన్మభూమిలో నున్నది. 1753లో లినేయస్ పండితుడు ఆలియం అను పేరుతో గ్రంథస్థము చేసిన ప్రజాతిలో నేడు సుమారు 900 జాతులు లెక్కకు వచ్చుచుండగా, వానిలో అధికభాగము ఉత్తరార్ధగోళపు చలిదేశములకును, ముఖ్యముగా ఇరాను, ఆఫ్ఘనిస్థానము, మధ్య ఆసియా పర్వతసీమలకును చెందినవి. మన దేశమున వన్యములైన ఉల్లిజాతులను చూడగోరువారు హిమాలయమునకు పోవలెను. అచ్చట ఉత్తరాఖండపు కొండవాసులు ఫరణ్ అను ఉల్లిజాతి ఆకును ఎండబెట్టి పోపులో వేసికొందురు. ఈశాన్యమున మణిపురమువారు బల్లపరుపు ఆకులు గల ఉల్లిజాతులను పెరళ్ళలో పెంచి కూరలలో వాడుదురు. వేసవిలో 45 డిగ్రీల ఎండ కాయు కొత్తగూడెము, భద్రాచలము సీమ వానికి సహజనివాసము కాజాలదు. మన అంగడిలోని ఉల్లిగడ్డ కర్నూలు నుండియో మహారాష్ట్రము నుండియో బస్తాలలో వచ్చినది. పెరటిలోని ఉల్లి శీతకాలమునకు ముందు నారుపోసి, నీరుపెట్టి పెంచినది. పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు ఉల్లిని లిల్లీ కుటుంబమున చేర్చియుండిరి. 2009 నాటి వర్గీకరణమును అనుసరించు నేటివారు దానిని విషముంగలి, వాన లిల్లీ మొదలగు వానితోబాటు ఆమరిల్లిస్ కుటుంబమున ఒక శాఖగా నిలిపిరి. మన నిత్యభోజనద్రవ్యమునకు దగ్గర చుట్టములలో పెక్కు విషములున్నవని దీని భావము. ఆకారమునందలి పోలికకు కొంతవఱకు ఈ చుట్టరికమే కారణము.

ఇక గుర్తించు క్రమము. వాసన, గడ్డ, ఆకు, పువ్వు అను నాలుగు సాక్ష్యములను విచారించవలెను. నాలుగును ఏకముగా పలికినప్పుడే ఉల్లి యని తీర్పు చెప్పవలెను.

వాసన మొదటి సాక్షి. కోయని ఉల్లిగడ్డను, విడదీయని వెల్లుల్లిని ముక్కునొద్ద పెట్టికొన్నచో ఘాటు అంతగా తెలియదు. నలిపినప్పుడే అది ప్రకోపించును. ఆ మొక్క కణములో గంధకముతో కూడిన పదార్థము ఒకచోటను, దానిని విడగొట్టు ఎంజైము వేఱొకచోటను ఒండొంటిని తాకకుండ ఉండుటయు, కణము చితికినపుడు రెండును కలిసి ఘాటు పుట్టుటయు దీనికి హేతువు. 1944లో అమెరికాలో కావలిటో అను రసాయనశాస్త్రజ్ఞుడును ఆయన సహచరుడును వెల్లుల్లినుండి అల్లిసిన్ అను ద్రవ్యమును వేఱుపఱచిరి. ఉల్లి తరుగునపుడు కన్నీరు తెప్పించు ఆవిరికి మూలమైన ఎంజైమును జపాను శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. కావున పరీక్షించువాడు ఆకును విడిగాను, గడ్డను విడిగాను వ్రేళ్ళ నడుమ బాగుగా చిదిమి, వెంటనే వాసన చూడవలెను. ఈ పరీక్షలో తఱచు జరుగు పొరపాటు వ్రేళ్ళయందున్నది. ఒకమారు నిజమైన ఉల్లిని నలిపిన చేతితో పదిరకముల గడ్డలు నలిపినను పదింటికిని ఉల్లివాసనయే వచ్చును. వంటింట వెల్లుల్లి ఒలిచి వచ్చిన గృహిణి వ్రేళ్ళు ఈ పరీక్షకు పనికిరావు. ఉల్లిగడ్డలతో కలిపి ఒకే సంచిలో వేసిన పరాయిగడ్డ పైపొర సైతము ఆ వాసనను పట్టుకొనును. అందుచేత చేతులు కడుగుకొని, సందేహమున్న మొక్కనే ముందుగా నలిపి, ఎఱిగిన ఉల్లిని తరువాత నలిపి, రెంటిని పోల్చవలెను.

నలిపినను ఘాటు రానిచో అది మనము తినదగిన ఉల్లి కాదు. ఈ తీర్పునకు మారుతీర్పు లేదు. కాని ఘాటు వచ్చినంతమాత్రమున ఉల్లి యగునని తిరుగవేసి చెప్పరాదు. ఇండ్ల ముంగిట పందిరికి ప్రాకించు వెల్లుల్లితీగ ఊదాపూలతో మనోహరముగా నుండి, ఆకు నలుపగనే వెల్లుల్లి కంపు కొట్టును. అది దక్షిణ అమెరికానుండి వచ్చిన వేఱు కుటుంబపు తీగ, దానికి గడ్డయే లేదు. ఏటి గట్లపై పెరుగు ఉలిమిరి చెట్టు పండునకును ఇంచుమించు అట్టి వాసనయే చెప్పుదురు. ఇంగువ యందును గంధకద్రవ్యములే కలవు. శ్రీరామనవమి దినములలో ఉల్లి మానివేయు భద్రాచలపు ఇండ్లలో పులుసునకు ఘాటు నిచ్చునది అదియే. కాశ్యపసంహితయందును, 1890లో మధ్య ఆసియాలోని కూచా సమీపమున బవర్ అను సైనికోద్యోగికి దొరకిన ప్రాచీన వ్రాతప్రతియందును లశునమునకు, అనగా వెల్లుల్లికి, పెద్ద కథయు, అంతకుమించిన వైద్యప్రశంసయు కలవు. ధర్మశాస్త్రములు దానినే నిషేధించినవి. పొగడినవారును, విడిచినవారును దానిని వాసనతోనే ఎఱిగిరి. అయినను ఒక్క సాక్షి మాటపై ప్రాణము నిలుపరాదు. ఇంకొక హెచ్చరిక: వాసన చాలనపుడు నాలుకతో రుచి చూచు అలవాటు మన పల్లెలలో కలదు, దానిని పూర్తిగా విడువవలెను. ఈ గడ్డలలో కొన్నింటి రసము చర్మమునకు తగిలినను దురద పుట్టించును. నాలుక దానికంటె సుకుమారము.

గడ్డ రెండవ సాక్షి, నలుగురిలోను నమ్మదగనిది. ఉల్లిగడ్డ నిజమునకు వేరు కాదు. బిళ్ళవలె పలుచబడిన పొట్టి కాండముపై ఆకుల అడుగుభాగములు ఉబ్బి, ఒకదానిలో ఒకటి ఇమిడి యేర్పడినది. నిలువునకు కోసినచో అడుగున ఆ బిళ్ళయు, దానిక్రింద పీచువేళ్ళును, పైన పొరలును స్పష్టముగా కనబడును. వెల్లుల్లిలో ఆకుల మొదళ్ళ నడుమ నుండు మొగ్గలే ఉబ్బి రెబ్బలైనవి. ఈ లక్షణమువలన కొన్ని మొక్కలను వెంటనే తొలగింపవచ్చును: కోసినపుడు పొరలు లేక లోపల అంతయు గట్టిగా నుండు దుంప ఉల్లి కాదు, మూలికలవారు తెల్లముసలి యని పిలుచు దానివలె వేళ్ళే ఉబ్బి గుత్తులుగా వ్రేలాడునది ఉల్లి కాదు, నాగలి ఆకృతిగా రెండుగా చీలిన దుంప గలిగి, ఆకు కొన నులితీగగా మారి, జ్వాలలవంటి పువ్వు పూయునది అడవినాభి, అది ఘోరవిషము. కాని పొరలున్నంతమాత్రమున ఉల్లి యనుటకు వీలులేదు. విషముంగలికి పొరలున్నవి, వాన లిల్లీకి పొరలున్నవి, అన్నిటికంటె ప్రమాదకరమైన నక్క ఉల్లిగడ్డకు పొరలు మఱింత చక్కగా నున్నవి.

ఆకు విషయమున మన పెరటిమొక్కలు చక్కని పాఠము చెప్పును. నీరుల్లి ఆకు గుండ్రని గొట్టము. ఉల్లికాడను అడ్డముగా కోసినచో లోపల ఖాళీ. వెల్లుల్లి ఆకు బల్లపరుపు, మధ్య ఈనెవద్ద కొంచెము మడతపడియుండును, లోపల ఖాళీ యుండదు. కనుక గొట్టపు ఆకు లేకున్నను ఉల్లిజాతి కావచ్చును. అడ్డుకోతవలన ప్రయోజనము వేఱు. తోటలో వరుసగా నాటు తెల్లపూల వాన లిల్లీ ఆకు సన్నగా, గుండ్రముగా, దూరమునుండి చూచువారికి లేత ఉల్లికాడయే యనిపించును. కోసి చూచినచో అది గొట్టము కాదు, లోపల నిండియున్నదని తెలియును, నలిపినచో ఘాటు ఉండదు. విషముంగలి ఆకు మూరెడు పొడవు, నాలుగు వ్రేళ్ళ వెడల్పు. దానిని త్రుంచి రెండు ముక్కలను మెల్లగా ఎడముచేసినచో నడుమ సాలెపట్టువంటి సన్నని దారములు సాగును. ఆకుపై ఊదారంగు మచ్చలు గల చిన్న గడ్డమొక్కయు మన రాతినేలలలో దొరకును. మచ్చల ఆకు మన వంటింటి ఉల్లిజాతులలో దేనికిని లేదు.

పువ్వు దొరకినపుడు మాత్రము అనుమానమునకు తావుండదు. అందుచేతనే తెలిసినవారు పూయు కాలమువఱకు ఓపికపట్టుదురు. ఉల్లి పూలకాడ ఆకులు లేక నిటారుగా లేచి, కొననుమాత్రమే, ఒక్క బిందువునుండి బయలుదేఱిన చిఱుకాడలపై పూలగుత్తిని ధరించును. విచ్చుటకు పూర్వము ఆ గుత్తిని కాగితమువంటి పలుచని పొర కప్పియుండును. ఒక్కొక్క పువ్వునకు ఆఱు రేకులు, ఆఱు కేసరములు, నడుమ మూడు గదుల అండాశయము ఉండును. ఆ అండాశయము రేకుల నడుమ, పైనుండి చూచినపుడే కనిపించును. విషముంగలి, వాన లిల్లీ, సాలీడుపువ్వు అను వానిలోనైతే అండాశయము రేకులకు క్రిందుగా, కాడ కొనన పచ్చని బుడిపెగా నుండును. పువ్వును ప్రక్కనుండి చూచిన చాలును. నక్క ఉల్లికి గుత్తియే లేదు. దాని పూలు కాడ పొడవునను, ఒకదానికొకటి ఎడముగా, క్రిందినుండి పైకి విచ్చుకొనుచు పోవును. ఈ మూడు రీతులను ఒక్కమారు కంటితో చూచినవారు జీవితాంతము మఱువరు. వెల్లుల్లి మన వేడిమిలో సాధారణముగా పూయదు. అందుచేత పూల పరీక్షకు నీరుల్లినే వాడవలెను. కార్తికమాసమున ఒక మంచి ఉల్లిగడ్డను కుండీలో పాతిపెట్టినచో మాఘమునాటికి పూలకాడ లేచును. ఇంటింట ఒక్క కుండీయైనను ఇందుకై ఉంచుట నేను గట్టిగా కోరుదును.

నక్క ఉల్లిని గుఱించి విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన ఈ ప్రాంతపు గడ్డలలో మనుష్యుని మోసగించు శక్తి దీనికే అధికము. సంస్కృతమున వనపలాండువనియు, వృక్షశాస్త్రమున డ్రిమియా ఇండికా యనియు దీనికి పేరు. గడ్డ పిడికెడంత, తెల్లన, పొరలు నున్నన. అంగడిలో ఉల్లిరాశి నడుమ పెట్టినచో కొనువాడు ప్రక్కకు తీసివేయునని హామీ యీయలేము. దీని జీవితక్రమము విచిత్రము. ఉల్లికి ఆకు ముందు, పువ్వు తరువాత. నక్క ఉల్లికి ఎండలు ముదురు దినములలో, చుట్టును గడ్డిపఱక యైనను పచ్చగా లేనపుడు, ఆకు లేని పూలకాడ ఒక్కటియే రెండడుగుల వఱకు నేలనుండి లేచును. పచ్చన, గోధుమ కలిసిన చిన్నపూలు సాయంకాలము తరువాత విచ్చి, మఱునాటికి వాడిపోవును. మృగశిర చినుకులు పడిన పిమ్మట ఆ కాడ పోయి, ఆ గడ్డనుండియే బల్లపరుపు ఆకులు వచ్చును. కనుక ఆషాఢమున ఆకును చూచువారు పువ్వును చూడరు, చైత్రమున పువ్వును చూచువారు ఆకును చూడరు. రెండును ఒక్కటియేనని తెలియుటకు ఒకే తావును రెండు ఋతువులలో దర్శింపవలెను. వేసవిలో అట్టి పూలకాడ కనబడినచోట నాలుగు రాళ్ళు పేర్చి గుర్తు పెట్టి, వానలు కురిసిన పిమ్మట మరల పోయి చూచుట కంటె మంచి పాఠము పుస్తకములలో లేదు. పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థులతో ఈ పని చేయించిన యెడల, వృక్షశాస్త్రమే కాక, సహనముతో పరిశీలించు గుణము కూడ వారికి అలవడును.

ఈ గడ్డయందు హృదయముపై పనిచేయు గ్లైకోసైడులు కలవు. డిజిటాలిస్ అను గుండెమందు వలెనే ఇవి మిక్కిలి స్వల్పమాత్రలో ఔషధము, మాత్ర మీఱిన విషము. ఐరోపావారి స్క్విల్ అను సముద్రతీరపు గడ్డకు బదులుగా దీనిని దగ్గు మందులలో వాడియున్నారు; ఆ ఐరోపా జాతిలోని ఎఱ్ఱగడ్డతో ఎలుకలమందు చేయుచుండిరి. మన పల్లెలలో దీనిని కాల్చి అరికాలి ఆనెలపై కట్టు ఆచారము కలదు. పైపూతగా వాడిన గడ్డను చూచి, మందన్నది లోపలికిని మంచిదే యనుకొనుట ఎన్నడును చేయరాదు. వాంతులు, విరేచనములు, నాడి మందగించి లయ తప్పుట దీని విషలక్షణములు. అడవిలోని చేదుదుంపలను సన్నగా తఱిగి, ఉడికించి, పాఱునీటిలో నుంచి చేదు పోగొట్టు నేర్పు గిరిజనులకు తరతరములుగా కలదు. ఆ నేర్పు ఆ దుంపలకు చెల్లును గాని, ఉడికించినంతమాత్రమున నక్క ఉల్లి విషము తొలగునని నమ్మరాదు.

అడవి యొక్కటియే ప్రమాదస్థానమనుకొనుట సరికాదు. పెరటిలోను జాగ్రత్త అవసరము. 2009లో ఇంగ్లాండులోని సఫోక్ సీమలో ఒక ప్రాథమికపాఠశాల పిల్లలు సూపు వండుచుండగా, ఉల్లిగడ్డయని డాఫడిల్ పూలగడ్డ ఒకటి అందులో పడి, పలువురు పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైరి. జపానులో అదే పూలమొక్క ఆకును ఉల్లిజాతి ఆకుకూరగా పొరపడి వండుకొనుట అప్పుడప్పుడు జరుగుచునే యున్నది. మన ఇండ్లలో డాఫడిల్ లేకున్నను, నేలసంపెంగ గడ్డలును, వాన లిల్లీ గడ్డలును తవ్వి ఆరబెట్టు తావు సాధారణముగా వంటింటి వసారాయే. పూలగడ్డలను ఉల్లిబుట్టకు దూరముగా, వేఱు గదిలో, పేరు వ్రాసిన సంచిలో నుంచవలెను. ఉల్లికాడలు పెంచు మడిలో వాన లిల్లీని అంచుగా నాటరాదు. విత్తనముల విషయమునను ఒక మాట. కిరాణా దుకాణములలో ఉల్లివిత్తనములని అమ్మునది పెక్కుమారులు కలోంజీ యగుచున్నది. రెండును నల్లన, రెండును కోణములు కలవి. అది తినుటకు మంచిదే గాని, నారుపోసినచో ఉల్లి మొలవదు.

తెలియనిదానిని పెద్దలనడిగి తెలిసికొనుట ఉత్తమము. అడుగునప్పుడు ప్రశ్నను ఎన్నుకొనవలెను. సంతకు వచ్చిన కోయ పెద్దమ్మకు గడ్డను చూపి "ఇది ఉల్లేనా అవ్వా?" అని అడిగినచో, ఆమె "అడవి ఉల్లే బిడ్డా" అని సత్యమే పలుకును; ఆ సత్యమును విని మనము ఇంటికి తీసికొనిపోవుదుము. అట్లుగాక "దీన్ని మీ ఇండ్లల్ల కూరల వేసుకుంటరా? ఎవరు తింటరు? ఏ కాలంల తవ్వుతరు?" అని అడిగినచో, "అయ్యో, తినేది కాదు, కాళ్ళ ఆనెలకు కాల్చి పెడతం" అను అసలు విషయము బయటికి వచ్చును. అడవిని ఎఱిగినవారి జ్ఞానము మొక్కతోను, ఋతువుతోను, వాడుకతోను ముడిపడియుండును. పేరు మాత్రమే అడిగిన వానికి ఆ జ్ఞానములో అల్పభాగమే దక్కును. ఒక్కరి సమాధానముతో తృప్తిపడక, వేఱొక గూడెమువారిని కూడ అడుగవలెను.

ఎంత జాగ్రత్తపడినను పిల్లవాడెవడైన గడ్డ కొఱికెనని తెలిసినచో, చింతపండు నీళ్ళు, ఉప్పునీళ్ళు త్రావించి వాంతి చేయింప యత్నించుచు కాలము వ్యర్థము చేయరాదు. నోటిలోని ముక్కలను తీసివేసి, నోరు పుక్కిలింపజేసి, వెంటనే వాహనమెక్కించవలెను. సారపాక వంతెన దాటిన భద్రాచలమున ఏరియా ఆసుపత్రి యున్నది. పోవునపుడు మిగిలిన గడ్డను, దాని ఆకును, దొరకినచో పూలకాడను, మట్టి దులుపకుండ ఒక సంచిలో వేసి వైద్యునకు చూపవలెను. ఎప్పుడు తినెనో, ఎంత తినెనో, పచ్చిదియో వండినదియో చెప్పవలెను. ఆ మొక్కను పెకలించిన తావును ఇంటివద్ద నున్న ఒకరు గుర్తుపెట్టుకొని, అచ్చటనే మఱియొక మొక్కను తవ్వి సిద్ధముగా నుంచుట మేలు. మొదటి ముక్క చితికి గుర్తుపట్టరానిదైనచో రెండవది పనికివచ్చును.